చెరపకుండా దిద్దుకోవడం

మన క్లబ్ పత్రికలో ఎక్కువగా కవితలు, హాస్టల్ కథలు వస్తాయి. ఈసారి ఎడిటర్ అక్క నన్ను పట్టుకుని "నీకు బాగా తెలిసిన దాని గురించి రాయరా. ప్రేమ గురించి మాత్రం వద్దు, ఇప్పటికే చాలా వచ్చాయి" అంది. నాకు కొంచెం తెలిసినవి రెండే. ఒకటి హాస్టల్ మెస్, రెండోది గిట్. ఇందులో రెండూ ఉన్నాయి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం వాణ్ణి, ఒత్తులు తేడా వస్తే తిట్టుకోకండి.

ఫస్టియర్‌లో నా డెస్క్‌టాప్ మీద ఈ ఫోల్డర్లు ఉండేవి: ప్రాజెక్ట్, ప్రాజెక్ట్ ఫైనల్, ప్రాజెక్ట్ ఫైనల్ 2, ప్రాజెక్ట్ ఫైనల్ ఇదే, ప్రాజెక్ట్ ఫైనల్ ఒట్టు. మీలో సగం మంది దగ్గర ఇప్పటికీ ఉంటాయని తెలుసు. "ఒట్టు"లో పనిచేయనిది "ఫైనల్ 2"లో పనిచేసేది. మధ్యలో ఏం మార్చానో నాకే గుర్తుండేది కాదు. ఈ గోల తప్పించడానికి పుట్టినవే వెర్షన్ కంట్రోల్ సిస్టమ్‌లు. మనం కోడ్ రాస్తూ అప్పుడప్పుడూ "ఇక్కడిదాకా దాచిపెట్టు" అంటాం. అది అప్పటి రూపాన్ని మొత్తం దాచి, పక్కన మన పేరు, తేదీ, ఏం చేశామో మనం రాసిన మాట పెడుతుంది. దాన్నే కమిట్ అంటారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పాత కమిట్‌కి వెళ్ళి చూసుకోవచ్చు.

"మంచి వెర్షన్ కంట్రోల్ సిస్టమ్‌కి ఉండాల్సిన లక్షణాలు ఏమిటి?" అని ల్యాబ్ వైవాలో అడిగారు. నోట్స్‌లో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నా. మళ్ళీ అదే ప్రశ్న అడిగితే ఇప్పుడు వేరేగా చెప్తా. ఆ జవాబే ఈ వ్యాసం.

మొదటి లక్షణం, నలుగురు ఒకేసారి పనిచేయగలగాలి. వినడానికి చిన్న విషయం. కానీ ఇక్కడికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ అనే సిస్టమ్ తయారుచేశాడు. 1980ల మొదట్లో పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిషీ ఆర్‌సీఎస్ చేశాడు. వీటిలో ఒక ఫైల్‌ని ఒకరు మార్చాలంటే తాళం వేసుకుని తీసుకోవాలి. వాళ్ళు తిరిగి ఇచ్చేదాకా మిగతావాళ్ళు ఆగాలి. మా ఫ్లోర్‌లో ఇస్త్రీ పెట్టె లాగా అన్నమాట. తీసుకున్నవాడు ఊరెళ్ళిపోతే అందరూ నలిగిన చొక్కాలే. తర్వాత వచ్చిన సీవీఎస్‌లో ఎవరి పని వాళ్ళు చేసుకుని చివర్లో కలుపుకోవచ్చు. కానీ పది ఫైళ్ళు పంపుతుండగా మధ్యలో నెట్ పోతే నాలుగు వెళ్ళి ఆరు ఆగిపోయే ప్రమాదం ఉండేది. 2000లో మొదలైన సబ్‌వెర్షన్ దాన్ని సరిచేసింది. వెళ్తే పదీ వెళ్తాయి, లేకపోతే ఒక్కటీ వెళ్ళదు.

ఇన్ని ఉన్నా అసలు చరిత్రంతా ఒకే సర్వర్‌లో ఉండేది. లినక్స్ వాళ్ళు 2002 నుంచి బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు. 2005లో దాన్ని ఉచితంగా వాడుకునే వీలు పోయింది. అప్పుడు లైనస్ టోర్వాల్డ్స్ సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టాడు. అదే గిట్. అదే ఏప్రిల్‌లో మ్యాట్ మాకల్ మెర్క్యూరియల్ కూడా మొదలుపెట్టాడు. ఈ రెండింటిలో ప్రతి ఒక్కరి మెషీన్‌లో చరిత్ర మొత్తం కాపీ ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా కథలో దీనితో పని పడుతుంది.

సెకండియర్‌లో నలుగురం కలిసి మెస్ యాప్ మొదలుపెట్టాం. రేపు తింటారో లేదో రాత్రి తొమ్మిదిలోపు నొక్కితే, వంట మాస్టర్‌కి పొద్దున్నే లెక్క వెళ్తుంది. అన్నం మిగిలి పారేయడం తగ్గుతుందని ఐడియా. స్క్రీన్లు నావి. అసలు లెక్కంతా మా రూమ్మేట్‌ది. వాడిది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. టెన్త్ దాకా సర్కారు బడి, తెలుగు మీడియం.

కమిట్ పక్కన రాసే మాటలు నావి ఎలా ఉండేవంటే: "ఫిక్స్", "ఫిక్స్ 2", "అప్‌డేట్". ఒకరోజు అర్ధరాత్రి కీబోర్డ్ మీద చెయ్యి పెట్టి "ఏఎస్‌డీఎఫ్" అని కొట్టేశా. వాడు మాత్రం తెలుగులో రాసేవాడు. "సెలవు పెట్టినోళ్ళు గూడ రేపటి లెక్కలకు వస్తున్నరు. అందుకే సెలవు తేదీలు ముందే తీసేసిన." ఇలా రెండు మూడు లైన్లు. మా టీమ్‌లో ఒకడు "ఇది కమిట్ మెసేజా, గ్రామ సభ తీర్మానమా?" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వా. ఇంకోసారి వాడు ఒక ఫైల్‌కి "మెనూ" అని తెలుగులోనే పేరు పెట్టాడు. టెర్మినల్‌లో గిట్ దాన్ని బ్యాక్‌స్లాష్ 340, బ్యాక్‌స్లాష్ 260 అంటూ అంకెల కింద చూపించింది. మళ్ళీ నవ్వాం. వాడు ఏమీ అనకుండా వెతికి, కోట్‌పాత్ అనే సెట్టింగ్ ఆఫ్ చేశాడు. "మెనూ" అని చక్కగా వచ్చింది.

రెండో లక్షణం ఇది: ఏం మారిందన్నది సిస్టమే చెప్తుంది, ఎందుకు మారిందన్నది మనిషి చెప్పగలగాలి. తనకు వచ్చిన భాషలో చెప్పగలగాలి. పాత లైనూ కొత్త లైనూ పక్కపక్కన పెట్టి చూపించడం మెషీన్‌కి తేలిక. "ఆదివారం ఈ ఒక్కటీ ఎందుకు కలిపావు?" అంటే జవాబు ఆ చిన్న మెసేజ్‌లోనే ఉండాలి. నా "ఫిక్స్ 2" చదివితే నాకే అర్థం కాదు. వాడిది చదివితే వంట మాస్టర్‌కి కూడా అర్థమవుతుంది. ఈ తెలివి నాకు అప్పుడు లేదు.

ఇక అసలు సంగతి. మొదటి రివ్యూకి ముందు రోజు రాత్రి ఒంటిగంట. నా స్క్రీన్లు పూర్తయ్యాయి. పుష్ కొట్టా, అంటే నా కమిట్లని అందరికీ కనిపించే చోటికి పంపడం. వెళ్ళలేదు, ఎర్రర్ వచ్చింది. అక్కడ మీ దగ్గర లేని పని ఉంది, ముందు అది తెచ్చుకోండి అని ఇంగ్లీష్‌లో స్పష్టంగా రాసి ఉంది. పుల్ కొట్టా. ఏడు ఫైళ్ళలో కాన్ఫ్లిక్ట్. నిద్ర ముంచుకొస్తోంది. కలపడం ఆపేసి నెట్‌లో వెతికితే ఒకచోట ఎవరో "ఫోర్స్ పెట్టి పుష్ చెయ్, పోతుంది" అని రాశారు. పెట్టా. పోయింది. టీమ్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టా: "అంతా పుష్ చేశా. పొద్దున్నే అందరూ తాజాది తీసుకోండి. తేడాలొస్తే రీసెట్ హార్డ్ కొట్టేయండి." హీరోలా పడుకున్నా.

వేరే బ్రాంచ్‌ల వాళ్ళ కోసం చెప్తున్నా. ఫోర్స్ పుష్ అంటే "అక్కడ ఏమున్నా నాకు అనవసరం, నా దగ్గర ఉన్నదే నిజం" అని చెప్పడం. రీసెట్ హార్డ్ అంటే "నా దగ్గర ఉన్నది వదిలేసి అక్కడ ఉన్నట్టు మారిపో" అని చెప్పడం. మొదటిది నేను చేశా. రెండోది, నా మాట నమ్మి, పొద్దున్నే లేచి మా రూమ్మేట్ చేశాడు. వాడు మూడు రోజులు కూర్చుని రాసిన పదకొండు కమిట్లు రాత్రి పది గంటలకే పంపాడు. నేను ఒంటిగంటకి వాటిని పక్కకి నెట్టేశా.

ల్యాబ్‌లో సార్ ముందు యాప్ తెరిచాం. స్క్రీన్లు బాగున్నాయి. లెక్క దగ్గర సున్నా. సార్ కమిట్ల జాబితా తెరిచి పైనుంచి కిందికి జరిపారు. "మూడు రోజుల నుంచి ఇక్కడ నీ పేరే లేదు కదయ్యా" అన్నారు.

"రాత్రి పది గంటలకే పుష్ చేసిన సార్."

"చేస్తే ఉండాలి కదా."

సార్ అరవలేదు. అరిచినా బాగుండేది. వాడు తల దించుకున్నాడు. ఆ జాబితా అలా జరుగుతుండగా నాకు అర్థమైంది. రాత్రి ఎర్రర్‌లో చదవకుండా వదిలేసిన ఆ వాక్యం మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. నోరు తెరవలేదు. బయటికొచ్చాక మా టీమ్‌లో ఒకడు "ఎర్రర్ ఏదో వచ్చుంటుంది, ఇంగ్లీష్ అర్థం కాక వదిలేసుంటాడు" అన్నాడు. ఇంగ్లీష్ మీడియంలో పద్నాలుగేళ్ళు చదివి ఎర్రర్ చదవకుండా వదిలేసినవాణ్ణి నేను పక్కనే ఉన్నా. దానికీ ఏమీ అనలేదు.

సాయంత్రం ఒక థర్డియర్ అక్క వచ్చి వాడి ల్యాప్‌టాప్ చూసింది. మూడో లక్షణం నాకు అక్కడే పరిచయమైంది: తప్పు చేసినా తిరిగొచ్చే దారి ఉండాలి. గిట్‌లో ప్రతి కమిట్‌కీ 40 అక్షరాల పేరు ఉంటుంది. లోపల ఏముందో, దానికి ముందు కమిట్ ఏదో, వాటిని బట్టి లెక్కకట్టిన పేరు అది. పాత కమిట్‌లో ఒక్క అక్షరం మార్చినా దాని పేరు, దాని తర్వాత వాటన్నిటి పేర్లు మారిపోతాయి. అందుకే చరిత్ర మధ్యలో ఎవరికీ తెలియకుండా ఏదో ఒకటి దూర్చడం కుదరదు. ఫోర్స్ పుష్ కూడా ఆ కమిట్లని అప్పటికప్పుడు చంపేయదు. వాటి దగ్గరికి వెళ్ళే దారి చూపించే బోర్డు పీకేస్తుంది, అంతే. మన మెషీన్ ఏ రోజు ఏ కమిట్ మీద నిలబడిందో రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది, రీఫ్లాగ్ అంటారు. దారి పోయిన కమిట్లని కూడా మామూలుగా 30 రోజులు అది గుర్తుంచుకుంటుంది. అక్క ఆ చిట్టా తెరిచి, వాడి చివరి కమిట్ పేరు పట్టుకుని, దానికో బ్రాంచ్ కట్టింది. ఐదు నిమిషాలు పట్టిందేమో. పదకొండూ వచ్చేశాయి.

అక్క లేస్తూ "ఎవరో ఫోర్స్ పుష్ చేసుంటారు" అంది. నలుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నేను కూడా మిగతావాళ్ళ వంక చూశా. మొత్తం సంగతిలో నాకు ఎక్కువ సిగ్గేసేది ఈ ఒక్క చూపు గురించే.

ఆ రాత్రి వాడు "నాకు ఈ గిట్ కలిసొస్తలేదు రా. రీసెట్ నేనే తప్పు కొట్టినట్టున్న. ఇగ నుంచి రిపోర్ట్ రాసే పని నాకియ్యండి, కోడ్ మీరు చూస్కోండి" అన్నాడు. మాలో అందరికంటే లెక్క బాగా రాసేవాడు. నేను "సరేలే, పడుకో" అన్నా.

ఆ వారం చివర్లో తెనాలి దగ్గర మా ఊరికి వెళ్ళా. మా తాతయ్య సహకార సంఘంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. "కంప్యూటర్‌లో ఏం నేర్పుతున్నార్రా?" అని అడిగితే ఏదో ఒకటి చెప్పాలని గిట్ గురించి చెప్పా. శ్రద్ధగా విని "ఓస్, మా చిట్టా, ఆవర్జా లాంటిదే కదరా" అన్నాడు. తర్వాత ఆయన చెప్పింది నేను ఏ క్లాసులోనూ వినలేదు. లెక్కల పుస్తకంలో అంకె తప్పు పడితే గోకకూడదు, దాని మీదే దిద్దకూడదు. ఒక్క గీత గీసి కొట్టేయాలి. కొట్టేసిన అంకె ఇంకా చదవడానికి వీలుగా ఉండాలి. పైన సరైన అంకె వేసి పక్కన పొట్టి సంతకం పెట్టాలి.

"తప్పు అందరూ రాస్తార్రా. ఆడిటర్ దానికేం అనడు. గోకిన కాగితం కనపడిందనుకో, అప్పుడు అడుగుతాడు."

గిట్‌లో దీన్ని రివర్ట్ అంటారు. పాత కమిట్‌ని తీసేయకుండా, దాన్ని రద్దుచేసే కొత్త కమిట్ ఒకటి రాస్తాం. తప్పు ఉంటుంది, దిద్దుబాటూ ఉంటుంది, దిద్దినవాడి పేరూ ఉంటుంది. నాలుగో లక్షణం ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: చెరపడం కష్టంగా, దిద్దడం తేలికగా ఉండాలి. నేను ఆ రాత్రి చేసింది దిద్దుబాటు కాదు, గోకడం. ఇంకో విచిత్రం ఏమిటంటే ఫోర్స్ పుష్ చేసినట్టు కమిట్ల జాబితాలో ఎక్కడా ఉండదు. సార్ జరిపి చూసిన ఆ జాబితాలో నేను చెరిపానని లేదు. వాడు ఏమీ చేయలేదని మాత్రం ఉంది.

ఆదివారం రాత్రి హాస్టల్‌కి వచ్చా. లైట్ తీసేశాక చెప్పా. ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేక.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సార్ ముందట అప్పుడే ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదరా" అన్నాడు.

"భయమేసింది రా."

"నాకు గాదా భయం?"

ఇంకేం అనలేదు. నేనూ అనలేదు.

మర్నాడు సార్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పా. మొదటి రివ్యూ మార్కులు అప్పటికే పంపేశారట. "రెండో రివ్యూలో చూస్తాలే" అన్నారు. అంటే వాడి మార్కులు తగ్గినవి తగ్గినట్టే ఉన్నాయి. వాటికి రివర్ట్ లేదు.

తర్వాత గిట్ డాక్యుమెంటేషన్ కూర్చుని చదివా, ఈసారి ప్రతి వాక్యం. ఫోర్స్ విత్ లీజ్ అని ఒక పద్ధతి ఉంది. మనం చివరిసారి చూసిన తర్వాత అక్కడ ఇంకెవరైనా ఏదైనా పెడితే అది పుష్ ఆపేస్తుంది. అది వాడుంటే బతికిపోయేవాణ్ణి అనుకుని సంబరపడ్డా. కానీ ఇంకొంచెం చదివితే తెలిసింది, నన్ను అదీ ఆపేది కాదు. ఎందుకంటే నేను ముందు పుల్ కొట్టా. వాడి పదకొండు కమిట్లు నా మెషీన్‌లోకి తెచ్చుకున్నా. తెచ్చుకుని, చూడకుండా, పైనుంచి తొక్కేశా. అంటే ఆ పొద్దున సార్ ముందు వాడు తల దించుకుని నిలబడినప్పుడు, వాడి పని మొత్తం నా బ్యాగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లోనే ఉంది. "సార్, తప్పు నాది" అని ఉంటే ఎవరో ఒకరు అక్కడికక్కడే తీసి చూపించేవాళ్ళు. ప్రతి ఒక్కరి దగ్గరా పూర్తి కాపీ ఉండటం గొప్ప లక్షణమే. కాకపోతే కాపీ ఉన్నవాడు నోరు విప్పాలి.

ఇప్పుడు మెయిన్ బ్రాంచ్‌కి ఫోర్స్ పుష్ వెళ్ళకుండా తాళం పెట్టాం. అది ఒక సెట్టింగ్, రెండు నిమిషాల పని. ఎవరి పని వాళ్ళు సొంత బ్రాంచ్‌లో చేసి, ఇంకొకరు చూశాకే కలుపుతున్నాం. రిపోర్ట్ రాసే పని నేను తీసుకున్నా. లెక్క మళ్ళీ వాడే చూస్తున్నాడు, రెండు రోజులు బతిమాలితే ఒప్పుకున్నాడు. ఏ లైన్ ఎవరు రాశారో చూపించే కమాండ్ పేరు గిట్‌లో బ్లేమ్. అంటే నింద. సబ్‌వెర్షన్‌లో అదే కమాండ్‌కి ప్రెయిజ్ అని ఇంకో పేరు కూడా ఉంది. అంటే మెచ్చుకోలు. మొన్న లెక్క ఫైల్ మీద అది కొట్టి చూశా. ప్రతి లైన్ పక్కనా వాడి పేరే. ఆ పదకొండు మెసేజ్‌లు కూడా మెల్లగా కూడబలుక్కుంటూ చదివా. అప్పుడు తెలిసింది, మెస్‌లో శుక్రవారం ఉపవాసం ఉండేవాళ్ళ సంగతి మాలో వాడొక్కడే ఆలోచించాడని.

ఒక పని మిగిలింది. గిట్‌లో ఏ ఫైల్ మార్చకుండా ఖాళీ కమిట్ వేయొచ్చు. అలా ఒకటి వేసి, నా మొదటి తెలుగు కమిట్ మెసేజ్ రాశా. "మొదటి రివ్యూ ముందు రాత్రి ఫోర్స్ పుష్ చేసి, లెక్క తాలూకు పదకొండు కమిట్లు పోగొట్టింది నేను. వాటిని రాసినవాడి తప్పేమీ లేదు. బాద్యత నాది." పుష్ కొట్టి వాడికి చూపించా.

వాడు చదివి, చాలా రోజుల తర్వాత నవ్వాడు. "బాధ్యతకు వత్తు ధ రాయాలె రా."

మార్చేస్తా అన్నా. మార్చాలంటే ఆ కమిట్‌నే కొత్తగా రాసి, మళ్ళీ ఫోర్స్ పుష్ చేయాలి. తాళం తీయాలి. ఆ మాట ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"వద్దు, ఉండనీ" అన్నాడు.

అలాగే ఉంది. కింద ఇంకో ఖాళీ కమిట్ వేశా: "పై మెసేజ్‌లో బాద్యత అని పడింది. బాధ్యత అని చదువుకోగలరు." పక్కన నా పేరు ఎలాగూ గిట్టే వేస్తుంది.